నిద్ర లేపే ఫోన్ ఇక మానేయండి

ప్రశ్న: మా బాబు ఇంజినీరింగ్‌లో చేరి మూడు నెలలైంది, హాస్టల్లో ఉంటున్నాడు. చిన్నప్పటి నుంచి క్రమశిక్షణగా పెంచాం. చదువు, స్నేహితులు, బట్టలు అన్నీ మేమే చూసుకున్నాం. ఇప్పుడు రోజుకు ఐదారుసార్లు ఫోన్ చేస్తున్నాడు. పొద్దున్నే నేను ఫోన్ చేసి లేపితేనే లేస్తాడు. రూమ్మేట్లతో కలవడం లేదు. ఇంటర్నల్స్‌లో రెండు సబ్జెక్టులు పోయిన సంగతి దాచాడు. ఇంటికొచ్చేస్తానంటున్నాడు. మావారేమో గారాబం చేసి పాడు చేశావని నన్నే అంటున్నారు. లోపం మా పెంపకంలోనే ఉందా? – ఒక తల్లి

జవాబు: ముందు మీవారి మాట సంగతి తేల్చేద్దాం. మీరు రాసినదాంట్లో గారాబం నాకెక్కడా కనిపించలేదు. కనిపించిందల్లా, పద్దెనిమిదేళ్ల కుర్రాడి తరఫున ఇంట్లోవాళ్లే ఆలోచించడం. అందులో ఆయన వాటా కూడా ఉంది.

డయానా బామ్‌రిండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960లలో పెంపకాన్ని మూడు రకాలుగా చూశారు. చెప్పింది చెయ్యి, ఎదురు మాట్లాడకు అనేది ఒకటి. నీ ఇష్టం అని వదిలేసేది ఇంకొకటి. నియమం పెట్టి, ఎందుకు పెట్టామో చెప్పి, పిల్లల మాటా వినేది మూడోది. అసలు పట్టించుకోని నాలుగో రకాన్ని 1983లో మాకబీ, మార్టిన్ అనే మరో ఇద్దరు మనస్తత్వవేత్తలు చేర్చారు. కాలేజీలో త్వరగా కుదురుకునేది ఎక్కువగా మూడో రకం ఇళ్ల పిల్లలే. అయితే మూడో రకమంటే సగం పట్టు, సగం వదులు అనుకుంటారు చాలామంది. కాదు. అక్కడా నియమాలు గట్టివే, కాకపోతే పిల్లాడు వాటి గురించి వాదించొచ్చు.

మీ బాబుకి ఆ అలవాటు లేదు. నచ్చని చొక్కా వద్దని ఇంట్లో అనలేనివాడు, 'లైట్ ఆపరా, నిద్రొస్తోంది' అని రూమ్మేట్‌తో ఎలా అంటాడు? పైకి చిన్న మాటే. అది అనలేకే ముభావంగా ఉండిపోయే పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తుంటారు.

మార్కులు దాచాడన్నారు. సంగతి బయటపడిన రోజు మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాటేమిటో గుర్తు తెచ్చుకోండి. 'ఎందుకు తగ్గాయి' అన్నారా, 'ఏ సబ్జెక్టు కష్టంగా ఉంది' అన్నారా? మొదటిదానికి సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకు భయపడే దాస్తారు.

అలాగని తప్పంతా నెత్తిన వేసుకోకండి. పిల్లాడి స్వభావం, కోర్సు, పక్కనున్నవాళ్లు, అన్నీ కలుస్తాయి. మొదటి సెమిస్టర్‌లో ఇల్లు గుర్తుకు రాని పిల్లలు తక్కువ.

ఇంతకాలం పట్టుగా ఉండి, రేపటి నుంచి 'నీ చావు నువ్వు చావు' అన్నట్టు ఫోన్ ఎత్తడం మానేస్తే మాత్రం కుంగిపోతాడు. ఫోన్ ఎత్తండి, జవాబు మాత్రం చెప్పకండి. 'లెక్చరర్‌ని డౌట్ అడగనా అమ్మా?' అంటే, 'నువ్వేమనుకుంటున్నావు?' అనండి. అవతల మౌనంగా ఉంటే ఉండనివ్వండి. ఇంటికొచ్చేస్తానంటే తిట్టొద్దు, సరేననొద్దు. సెమిస్టర్ అయ్యాక కూర్చుని మాట్లాడుకుందామని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి.

నిద్ర, తిండి బాగా తగ్గినా, వారాల తరబడి క్లాసులు ఎగ్గొడుతున్నా కాలేజీ కౌన్సెలర్‌ని కలవమనండి. బతకాలని లేదన్న మాట వస్తే ఆ రోజే మీరు వెళ్లి డాక్టర్‌కు చూపించండి.

ఇక పొద్దుటి ఫోన్. 'సోమవారం నుంచి అలారం పెట్టుకో నాన్నా, నేను లేపను' అని ఈ రోజే చెప్పండి. మొదటి వారం ఒకటి రెండు క్లాసులు పోతాయి. పోనివ్వండి.