ముందు గోళీల సంచి చూడు

రమ్యా,

హన్మకొండలో ఊపిరితిత్తుల క్యాన్సర్ కాంబినేషన్ ట్రయల్‌కు కోఆర్డినేటర్‌గా చేరుతున్నావని తెలిసి సంతోషం బిడ్డా. మీరూ గెఫిటినిబ్ గోళీకి పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు జతచేస్తున్నారు కాబట్టి నాలుగు మాటలు.

ముంబై టాటా మెమోరియల్ వాళ్లు ఇదే కలయికను 350 మందిలో పరీక్షించి 2020లో ప్రచురించారు. జబ్బు అదుపులో ఉన్న కాలం 8 నెలల నుంచి 16కు పెరిగింది, తీవ్రమైన దుష్ప్రభావాలూ రెట్టింపయ్యాయి. 2004 నాటి ట్రయల్స్‌లో క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ జన్యువు మారిందో లేదో (మ్యుటేషన్) చూడకుండా గెఫిటినిబ్‌ను కీమోతో కలిపి అందరికీ ఇస్తే లాభమే కనబడలేదు. ఈజీఎఫ్ఆర్ రిపోర్టు చేతికి రానిదే ఎవరినీ చేర్చకు.

చేర్చుకునే రోజు పేషెంట్ గోళీల సంచి బల్లమీద కుమ్మరించి చూడు. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లలో ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ మందులు మొదలుపెట్టినవాళ్లు ఉంటారు. వాటిలో రిఫాంపిసిన్ ఉంటే కాలేయం గెఫిటినిబ్‌ను వేగంగా విరగ్గొడుతుంది, రక్తంలో ఐదో వంతు కూడా మిగలదు. ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ గోళీ కూడా దాన్ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. ఆర్‌ఎంపీ వేసే డైక్లోఫెనాక్ నొప్పి సూది ఇంకా ప్రమాదం. కిడ్నీ కాస్త మందగించినవాళ్లలో పెమెట్రెక్సెడ్ బయటికి పోక రక్తకణాలు పడిపోతాయి. అప్పుడు నింద మన కాంబినేషన్ మీద పడుతుంది. మందులేమైనా వాడుతున్నారా అంటే లేదంటారు, సూదిని ఎవరూ మందుల్లో లెక్కపెట్టరు. సూది వేయించుకున్నారా అని విడిగా అడుగు.

పెమెట్రెక్సెడ్‌కు వారం ముందే రోజూ ఫోలిక్ యాసిడ్, ఒక బీ12 సూది 1000 మైక్రోగ్రాములు మొదలుకావాలి. డెక్సామెథసోన్ గోళీ 4 మి.గ్రా. పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ముందురోజు నుంచి మూడు రోజులు. ముందురోజు పొద్దున్నే ఫోన్ చేసి వేయించు.

కార్బోప్లాటిన్ లెక్క దగ్గర తొందర వద్దు. అరవై ఏళ్ల మగమనిషి, 42 కిలోలు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) 0.5 అనుకో. లెక్క ప్రకారం ఏయూసీ (ఒంటికి మందు ఎంత అందాలనే లక్ష్యం) 5కు దాదాపు 590 మి.గ్రా. వస్తుంది. కండ కరిగిపోయి క్రియాటినిన్ తక్కువ కనబడుతోందే తప్ప కిడ్నీ అంత బలంగా ఉండి కాదు. కనీసం 0.7గా పెట్టి లెక్కిస్తే 460 దగ్గర ఆగుతుంది. ప్రోటోకాల్‌లో ఆ హద్దు రాసి లేకపోతే మొదటి డోసుకు ముందే డాక్టర్లను అడుగు.

కీమో ఎక్కించాక రెండు, మూడు వారాల్లో జ్వరమొస్తే డోలో వేసి పడుకోబెట్టేస్తారు. ఊళ్లోనో, నర్సంపేటలోనో అడ్మిట్ అయినా అది తీవ్ర ఘటనే, 24 గంటల్లో రిపోర్టు వెళ్లాలి. అందుకని ఇంటికి రెండు నంబర్లు తీసుకో. ఒకటే అయితే ఆ ఫోన్ కొడుకుతోపాటు హైదరాబాద్‌లో ఉంటుంది.