రీ: 12 మంది అమ్మాయిలు, అందరినీ ఆడిస్తే ఓడిపోతున్నాం, లేకపోతే పేరెంట్స్ గొడవ

మీ సాఫ్ట్‌బాల్ టీమ్‌లో 12 మందినీ ఆడిస్తే ఓడిపోతున్నామనీ, ఆడించకపోతే పేరెంట్స్ గొడవ చేస్తున్నారనీ రాశారు. మీది పోటీల కోసం ఊళ్లు తిరిగే ట్రావెల్ టీమ్ కాదు, ఇక్కడి మామూలు 10యూ రెక్ లీగే (పదేళ్లలోపు పిల్లలు సరదాకి ఆడేది) కదండీ, కాబట్టి ముందు లెక్క చూడండి: 6 ఇన్నింగ్స్, ఫీల్డింగ్‌లో 9 పొజిషన్లు అంటే 54 చోట్లు, 12 మందికి పంచితే తలా నాలుగున్నర. ఏ ఇన్నింగ్స్‌లో ఎవరు ఎక్కడో ఆ షీట్ ముందురోజు రాత్రే రాసేసుకోండి, స్కోరు చూస్తూ రాస్తే చెయ్యి బాగా ఆడేవాళ్ల వైపే పోతుంది. వరసగా రెండు ఇన్నింగ్స్ ఎవరినీ బెంచి మీద ఉంచొద్దు. లీగ్ ఒప్పుకుంటే బ్యాటింగ్ ఆర్డర్‌లో 12 మందినీ పెట్టండి, సగం గొడవ అక్కడే సద్దుమణుగుతుంది.

ఎప్పుడూ రైట్ ఫీల్డ్‌లోనే (బంతి తక్కువగా వచ్చే కుడివైపు దూరపు చోటు) ఉంటున్నారని మీరు రాసిన ఆ ముగ్గురినీ రెండో, మూడో ఇన్నింగ్స్‌లో సెకండ్ బేస్‌కి తీసుకురండి. ఆరో ఇన్నింగ్స్‌లో ఒక్క రన్ తేడా ఉన్నప్పుడు మాత్రం కాదు, అది ఆ పిల్లకే శిక్ష. ఫస్ట్ బేస్ (బ్యాటర్ ముందుగా పరుగెత్తి చేరే చోటు) అందరికీ ఇవ్వొద్దు, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) విసిరిన బంతి పట్టలేకపోతే నేరుగా మొహానికి తగులుతుంది. పిచింగ్ (బ్యాటర్‌కి బంతి వేయడం) కూడా అంతే, ప్రాక్టీసులో 35 అడుగుల నుంచి స్ట్రైకులు (బ్యాటర్‌కి అందేలా సరిగ్గా పడే బంతులు) పడితేనే. లేదంటే అన్నీ వాక్‌లే (బంతులు బయట పడి బ్యాటర్ కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కి వెళ్లిపోవడం), మిగతా వాళ్లు నిలబడి గడ్డి పీక్కుంటారు (మా టీమ్‌లో నిజంగానే పీకారు).

పేరెంట్స్‌కి ఇవాళే మెసేజ్ పెట్టండి: లీగ్ మ్యాచ్‌లలో సమాన టైమ్, టోర్నమెంట్‌లో తలా కనీసం రెండు ఇన్నింగ్స్. మ్యాచ్ అవ్వగానే వాదనకి వచ్చే నాన్నగారికి "రేపు మాట్లాడదాం అండీ" అని చెప్పి సామాన్లు సర్దుకోండి.