ప్రోబయాటిక్ వాడినా మలబద్ధకం తగ్గలేదు, ఎందుకు?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఉపాధ్యాయురాలిని. రెండేళ్లుగా మలబద్ధకం. వారానికి రెండుసార్లే విరేచనం, అదీ గట్టిగా. పొద్దున్నే బస్సు పట్టుకోవాలి. బడిలో మరుగుదొడ్డి బాగుండదని సాయంత్రం దాకా ఆపుకుంటాను. ఆరు నెలలుగా రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతున్నాను. పేగుల్లో మంచి బ్యాక్టీరియా తగ్గిందని ఎవరో చెబితే నెల నుంచి ప్రోబయాటిక్ (మంచి బ్యాక్టీరియా ఉండే) గొట్టం మాత్రలు వేసుకుంటున్నాను. ఫలితం లేదు. మలంలో బ్యాక్టీరియా పరీక్ష చేయించుకోవాలా? – ఒక సోదరి, నల్గొండ

జవాబు: ఆ పరీక్షకు డబ్బు తగలేయకండి. దాని ఫలితాన్ని బట్టి మలబద్ధకానికి మందు నిర్ణయించే పద్ధతి ఇంకా లేదు.

మీరు విన్న మాటలో సగం నిజం ఉంది. మనకు అరగని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలుగా మారుస్తుంది. పేగు లోపలి పొరకు అవే తిండి, కదలికలకూ అవి తోడ్పడతాయి. రెండో సగం ఏమిటంటే, మలబద్ధకం కూడా బ్యాక్టీరియాను మారుస్తుంది. మలం రోజుల తరబడి నిలిచిపోతే పీచు కాస్తా అయిపోయి, ఆ సూక్ష్మజీవులు ప్రొటీన్ల మీద పడతాయి. ఈలోగా పేగు నీటిని పీల్చేయడంతో మలం ఇంకా గట్టిపడుతుంది. అందుకే మీ ఉత్తరంలో ‘సాయంత్రం దాకా ఆపుకుంటాను’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. పదే పదే ఆపుకుంటే మలవిసర్జనకు వెళ్లాలనే పిలుపు కూడా మొద్దుబారుతుంది. ఇది గొట్టం మాత్రలతో తీరేది కాదు.

ఏదైనా తినగానే పెద్దపేగు కదులుతుంది, ఉదయం పూట మరీనూ. అరగంట ముందు లేచి, టిఫిన్ తిని, పది నిమిషాలు తీరిగ్గా కూర్చోండి. కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకోండి. తెల్లన్నం, ఇడ్లీలలో పీచు తక్కువ. జొన్నరొట్టె, గోరుచిక్కుడు, పెసలు, జామపండు తినండి, కానీ రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బి నన్నే తిట్టుకుంటారు. రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్‌ను నిండు గ్లాసు నీటితో తీసుకోవచ్చు. ఐరన్ మాత్రకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి.

ఐరన్‌తో మలబద్ధకం మామూలే. అలాగని మీరే మానేయకండి, మోతాదు మార్చవచ్చేమో రాసిన డాక్టరునే అడగండి. థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. అన్నింటికన్నా ముఖ్యం, రక్తహీనతకు కారణం తేలిందా? నెలసరిలో అధిక రక్తస్రావం వంటి కారణమేదీ కనిపించకపోయినా, మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా గ్యాస్ట్రోఎంటరాలజిస్టును (జీర్ణకోశ వైద్య నిపుణుడిని) కలవండి.