షాపింగ్ సెంటర్ వాళ్లు రాయితీ అడిగినప్పుడు

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

నువ్వు సిటీ కౌన్సిల్‌కు ఎన్నికై కుదురుకోకముందే ఒక డెవలపర్ వచ్చి, షాపింగ్ సెంటర్ కడతాను, అమ్మకపు పన్నులో సగం పదిహేనేళ్లు వెనక్కివ్వండి అంటున్నాడని రాశావు. డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో ఇది మామూలే. సిటీ ఆర్థిక విభాగంలో ఉద్యోగమంతా ఇలాంటి కాగితాల మధ్యనే గడిపాను కాబట్టి చెబుతున్నాను. వాళ్లు తెచ్చిన రంగుల బొమ్మలు తర్వాత చూడవచ్చు, ముందు లెక్క తీయించు.

టెక్సస్‌లో వంద డాలర్ల వస్తువు కొంటే పన్ను గరిష్ఠంగా 8.25 డాలర్లు. అందులో 6.25 రాష్ట్రానిది. మిగిలిన రెండూ సిటీ ఖజానాకే వస్తాయనుకోకు. కొన్ని ఊళ్లలో ఒక డాలరు డాలస్ ప్రాంత రవాణా సంస్థ డార్ట్ నడిపే బస్సులకు, రైళ్లకు పోతుంది, మరికొన్నింట ఆర్థికాభివృద్ధి కార్పొరేషన్లకు పోతుంది. అలాంటి ఊళ్లో పోలీసుల జీతాలకు, రోడ్లకు దక్కేది ఒక్క డాలరే. ఏడాదికి పది కోట్ల డాలర్ల అమ్మకాలు జరుగుతాయని అతను చెబితే, సిటీకి వచ్చేది పది లక్షలు. అందులో సగం అతనికిస్తే మిగిలేది ఐదు లక్షలు. ఆ ఐదు లక్షల్లోంచే కొత్త సిగ్నళ్లు, పోలీసు గస్తీ, అగ్నిమాపక సేవలు అన్నీ చూసుకోవాలి.

పైగా ఆ పది కోట్ల అంకె దేనిదో అడగాలి. మొత్తం అమ్మకాలా, పన్ను పడే అమ్మకాలా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ప్రధాన అద్దెదారు ఇండియన్ గ్రోసరీ అని నువ్వే రాశావు. శనివారం సాయంత్రం ఆ దుకాణం బిల్లు ఒకటి తీసి చూడు. సోనా మసూరి బస్తా, కందిపప్పు, వంకాయలు, కరివేపాకు, వీటి మీద పన్ను లేదు. అదే బిల్లులో ప్రెషర్ కుక్కర్ ఉంటే దానికి ఉంటుంది, అగరబత్తికి ఉంటుంది, పక్కనే కౌంటర్లో వేడిగా ఇచ్చే దోసెకూ ఉంటుంది. బండి నిండా సరుకు, పన్ను మాత్రం చారెడు. జనం కిటకిటలాడే దుకాణమైనా సిటీకి పెద్దగా ఏమీ రాకపోవచ్చు. అందుకని పన్ను పడే అమ్మకాల అంచనా విడిగా ఇమ్మని రాతపూర్వకంగా కోరు.

ఆ తర్వాత, అమ్మకాలు ఎక్కడి నుంచి వస్తాయో ఆలోచించు. పాత రోడ్డు మీద ఉన్న బట్టల దుకాణం ఖాళీ చేసి కొత్త సెంటర్‌లోకి మారితే, ఊరికి పెరిగిందేమీ లేదు, ఇంతకుముందు పూర్తిగా వస్తున్న పన్నులో సగం పోగొట్టుకున్నట్టు. ఊళ్లోనే చోటు మారిన దుకాణాలకు రాయితీ వర్తించదని ఒప్పందంలో ఉండాలి. కాలిఫోర్నియా అయితే 1999లోనే, పక్క ఊళ్ల నుంచి పెద్ద దుకాణాలను, కార్ల డీలర్లను డబ్బిచ్చి లాక్కోవడానికి వీల్లేదని చట్టం చేసింది. మన రాష్ట్రంలో ఆ అడ్డు లేదు. పక్క ఊరు ఇంకా ఎక్కువ ఇస్తానంటోందని డెవలపర్ చెబితే నమ్మేయకు. ఊళ్లు ఇలా పన్ను వెనక్కిస్తామని రాసుకునే కాగితాలను, చట్టంలోని అధ్యాయం సంఖ్యను బట్టి, 380 ఒప్పందాలంటారు. 2021 చట్టం వల్ల అవన్నీ రాష్ట్ర పన్నుల అధికారి అయిన కంప్ట్రోలర్ వెబ్‌సైటులో పెడుతున్నారు. అతను ఇంతకుముందు ఏ ఊరితో ఏమని సంతకం చేశాడో అక్కడ చదువుకో.

ఫీనిక్స్ కథ తెలుసుకోవడం మంచిది. సిటీనార్త్ అనే భారీ షాపింగ్ సముదాయానికి అక్కడి సిటీ 9.74 కోట్ల డాలర్ల దాకా పన్ను వెనక్కివ్వడానికి ఒప్పుకుంది. బదులుగా దక్కేది 3,180 పార్కింగ్ స్థలాల వాడకం, అందులో 200 బస్సెక్కి వెళ్లేవారికి. మిగిలినవన్నీ అక్కడ కొనుగోళ్లకు వచ్చేవారి కార్ల కోసమే! దాని మీద పడిన కేసు అరిజోనా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2010లో తేలింది. భవిష్యత్తులో పన్ను వస్తుందన్న ఆశను ప్రతిఫలంగా లెక్కించకూడదని, డెవలపర్ చేస్తానని ఒప్పుకున్న పనినే లెక్కించాలని కోర్టు తేల్చింది. ఆ సూత్రం అప్పటి నుంచి జరగబోయే ఒప్పందాలకేనంటూ సిటీనార్త్ ఒప్పందాన్ని మాత్రం వదిలేసింది. అది అరిజోనా తీర్పే, మనల్ని కట్టిపడేయదు. అయినా నీ ముందున్న కాగితానికి ఆ కొలబద్ద పెట్టి చూడు. అతను చేస్తానని రాసిచ్చిందేమిటి? ఎలాగూ కట్టుకునే పార్కింగ్‌ను ఊరికి చేసిన మేలుగా చూపిస్తే ఒప్పుకోకు.

ఆస్తి పన్ను మినహాయింపుకు చట్టం పదేళ్ల గరిష్ఠ గడువు పెట్టింది. 380 ఒప్పందానికి అలాంటి గడువేమీ లేదు, అందువల్ల మన జాగ్రత్తంతా ఒప్పందంలోని మాటల్లోనే ఉంటుంది. పైసా కూడా ముందుగా ఇవ్వవద్దు. దుకాణం తెరిచి, పన్ను సిటీకి చేరాకే అందులోంచి వెనక్కివ్వాలి. మొత్తానికి ఒక పరిమితి, ఏళ్లకు ఒక పరిమితి, ఫలానా తేదీలోగా తెరవకపోతే ఒప్పందం రద్దు, మధ్యలో మూసేస్తే తీసుకున్నది తిరిగి కట్టాలి. ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది. ఒక్కో దుకాణం కట్టే పన్ను వివరాలు చట్టప్రకారం గోప్యం. సిటీకి ఆ అంకెలు చూపడానికి అద్దెదారుల చేత ముందే సమ్మతి పత్రాలు తీసుకునే బాధ్యత డెవలపర్ మీద పెట్టించు. అవి లేకపోతే అతను చెప్పిన అంకెను సరిచూసుకోవడం కష్టం.

బేరసారాలు ఎగ్జిక్యూటివ్ సెషన్‌లో తలుపులు మూసి చర్చించవచ్చు. ఓటు మాత్రం బహిరంగ సభలోనే పడాలి. మూసిన గదిలో అడిగిన ప్రశ్నల్లో గుట్టు లేనివి బయట మైకు ముందు కూడా అడుగు, జనం వినాలి.

చివరగా, ఇంటి సంగతి. మనవాళ్లు నలుగురూ కలిసి ఇలాంటి సెంటర్లలో పెట్టుబడులు పెట్టడం నీకు తెలియనిది కాదు. ఆ స్థలంలో నీకు, మీ ఆయనకు వాటా ఉందేమో ఇవాళే చూసుకో. స్థిరాస్తిలో వాటా విలువ 2,500 డాలర్లున్నా టెక్సస్ చట్టం దాన్ని గణనీయమైన స్వప్రయోజనం (సబ్‌స్టాన్షియల్ ఇంటరెస్ట్) కిందే లెక్కేస్తుంది. అలాంటిది ఉంటే ముందే అఫిడవిట్ ఇచ్చి, చర్చకూ ఓటుకూ దూరంగా ఉండాలి. ఈ విషయం ఫోనులో నన్నడగడం కాదు, రేపు పొద్దున్నే సిటీ అటార్నీని అడుగు. ముసాయిదా ఒప్పందం బహిరంగపరిచాక నాకు పంపితే చదివి పెడతాను.

ఆశీస్సులతో,
బాబాయి