మేదస్సుకు ఒత్తు అక్కర్లేదు

ప్రశ్న: ఎలుక కణాలతో కొవ్వు కణాల ఎదుగుదలను పరిశీలించే పద్ధతిపై వ్యాసం రాస్తున్నాను. 'మేధోకణం', 'మేదోకణం' రెండూ చూశాను. ఏది సరైనది? కొవ్వు కణంగా మారబోయేదాన్ని 'ముందస్తు కొవ్వు కణం' అనీ, సెల్ లైన్‌ను (ప్రయోగశాలలో తరతరాలుగా పెంచే, ఒకే మూలం నుంచి వచ్చిన కణాలను) 'కణవరుస' అనీ రాయవచ్చా?
– ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: రెండూ సరికావమ్మా. మేధ బుద్ధి, మేదస్సు కొవ్వు. అనవసరంగా ఒత్తు పెట్టి ఒకదాన్ని ఇంకొకటిగా మార్చేస్తున్నారు. ఒత్తు తీసేసినా 'మేదో' అని ఓత్వం రావాలంటే తర్వాత నాదాక్షరం, అంటే గ, ద, ర, వ లాంటి నాదంతో పలికే హల్లు ఉండాలి: మేదోవృద్ధి, మేదోరోగం. కకారం ముందు విసర్గే నిలుస్తుంది కాబట్టి మేదఃకణం. 'వయోపరిమితి' అని రాసీ రాసీ ఈ తేడా చెవికి తెలియకుండా పోయింది.

మేదస్సుకు మూలం 'మిద్' ధాతువు. దానికి ధాతుపాఠం (సంస్కృత ధాతువుల జాబితా) చెప్పిన అర్థం స్నేహనం, అంటే జిడ్డు పట్టడం. 'మేదురం' కూడా ఆ ధాతువు నుంచే పుట్టింది. జయదేవుడు గీతగోవిందాన్ని 'మేఘైర్మేదురమంబరం' అని ఎత్తుకున్నాడు. మబ్బులు కమ్మి, నున్నగా, చిక్కగా, నిండుగా ఉన్న ఆకాశమది. మేదురం తీసి 'నిబిడం' పెట్టి చూడండి, చిక్కదనం మిగులుతుంది కానీ ఆ తడి ఉండదు. అంత సూక్ష్మంగా మాటను ఎంచుకున్న కవి ఆయన. మధుకైటభుల మేదస్సుతో తడిసినందువల్ల భూమి మేదిని అయిందని పురాణాలంటాయి.

మీ కణాల తీరూ ఈ ధాతువుకు సరిపోతుంది. ఇలాంటి పరిశీలనలకు వాడే 3టీ3-ఎల్1 అనే సెల్ లైన్‌ను హోవర్డ్ గ్రీన్ అనే శాస్త్రవేత్త బృందం 1974లో వెల్లడించింది. ఆ కణాలు ఎలుక పిండం నుంచి వచ్చినవి. మొదట సన్నగా సాగి ఉంటాయి. పెంచే పళ్లెం నిండి విభజన ఆగాక ఇన్సులిన్, డెక్సామెథసోన్, ఐబీఎంఎక్స్ అనే మూడు మందులు కలిపి ఇస్తే మరికొంత విభజన చెంది, తర్వాత గుండ్రబడి లోపల నూనె బొట్లు నింపుకుంటాయి. ఆయిల్ రెడ్ ఓ అనే రంగు వేస్తే ఆ బొట్లు ఎర్రగా కనిపిస్తాయి. సన్నని కణం మేదురమైందన్నమాట!

'ముందస్తు' మాత్రం వద్దు. గడువుకు ముందే జరిగేదానికే ఆ మాట చెల్లుతుంది. ఇక్కడ గడువేదీ లేదు, కణం ఇంకా కొవ్వు కణం కాలేదంతే. 'కొవ్వు కణం కాబోయే కణం' అనండి, కాస్త పొడవైనా అర్థం చెడదు.

కణవరుస అంటే పక్కపక్కన పేర్చిన కణాలనిపిస్తుంది. ఇక్కడ లైన్ అంటే సంతతి కాబట్టి 'కణవంశం' నయం. సెల్ లైన్ అనే ఉంచినా నేను తప్పుపట్టను. మేదఃకణం శుద్ధమైన మాటే, కానీ విసర్గ పలకడం కష్టమనుకునేవారికి 'కొవ్వు కణం' హాయిగా ఉంటుంది. ఏది ఎంచుకున్నా వ్యాసమంతా అదే వాడండి.