అచ్చు పత్రికా, ఆన్‌లైన్ పత్రికా?

ప్రశ్న: స్టాంపుల సేకర్తలం కలిసి నడుపుకునే మూణ్ణెల్ల పత్రిక మాది. 32 పేజీలు, ఆఫ్‌సెట్‌లో 200 కాపీలు. ఖర్చు మోయలేకపోతున్నాం, పూర్తిగా ఆన్‌లైన్‌కి మారిపోవచ్చా?
– రాజమండ్రి పాఠకుడు

జవాబు: పూర్తిగా వద్దు. వేలం తేదీలు, కొత్త స్టాంపుల విడుదల కబుర్లు మూణ్ణెల్లకి అచ్చులో వచ్చేసరికి పాతబడిపోతాయి కాబట్టి వాటిని ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో పెట్టేయండి. దాచుకోదగ్గ పెద్ద వ్యాసాలతో ఏటా ఒక అచ్చు సంచిక తెస్తే చాలు.

ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల (అచ్చు వేసే లోహపు రేకుల) ఖర్చు 200 కాపీలకైనా వెయ్యికైనా ఒకటే. అందుకే డిజిటల్ ప్రింట్ ధర కూడా అడిగి చూడండి, దానికి ప్లేట్లు ఉండవు. ఆఫ్‌సెట్టే కావాలంటే రంగు పేజీలను అక్కడొకటి ఇక్కడొకటి వేయకండి. 16 పేజీల ఫారాలు (ఒక్కో పెద్ద షీటుని మడిస్తే వచ్చే కట్టలు) రెండు ఒకదాంట్లో ఒకటి పెట్టి మధ్య మడత మీద సెంటర్ పిన్ కొడితే, లోపలి ఫారంలో 9 నుంచి 24 దాకా పేజీలు వస్తాయి. మామూలు మడతలో ఆ షీటుకి ఒక వైపు 10, 11, 14, 15, 18, 19, 22, 23 పేజీలు పడతాయి. రంగు బొమ్మలన్నీ వీటిలోనే సర్దితే ఆ వైపుకి నాలుగు రంగులకు 4 ప్లేట్లు, నలుపు ఒక్కటే ఉండే మిగతా మూడు వైపులకు ఒక్కోటి, మొత్తం 32 పేజీలకు 7 ప్లేట్లు సరిపోతాయి. రెండు షీట్ల నాలుగు వైపులా రంగు వేస్తే 16 కావాలి. మడత ప్రెస్సుని బట్టి మారొచ్చు. ముందే తెల్లకాగితంతో డమ్మీ మడిపించి, పేజీ నంబర్లు రాయించుకోండి. పిన్ను పుస్తకంలో పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. ఆఖరి నిమిషంలో ‘ఇంకో రెండు పేజీలే కదా’ అనే రచయితకి ఈ లెక్క చూపించండి.

ప్రశ్న: పాత సంచికలన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో చేసినవి. వాటి పీడీఎఫ్‌లు సైట్లో పెడితే చాలదా?

జవాబు: చదువుకోవచ్చు గానీ వెతికితే దొరకవు. ఆ ఫాంట్లలో పైకి కనిపించేది తెలుగు, లోపల ఉండేది ఇంగ్లిషు అక్షరాల కోడు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడు ఉండే పద్ధతిలోకి) మార్చొచ్చు. కాకపోతే ఫాంటు సమాచారం పోయిన మామూలు టెక్స్టుని దానికిస్తే, మధ్యలో ఉన్న ఇంగ్లిషు మాటల్నీ తెలుగే అనుకుని అర్థంలేని అక్షరాలుగా మార్చేస్తుంది. మీ వ్యాసాల్లో కేటలాగు పేర్లు, సంక్షిప్తాలు ఇంగ్లిషులోనే ఉంటాయి కాబట్టి అసలు పేజీ పక్కన పెట్టుకుని ప్రూఫు దిద్దక తప్పదు.

ఇక మీదట యూనికోడ్‌లోనే కంపోజ్ చేయించండి, అదే టెక్స్టు అచ్చుకీ సైటుకీ పనికొస్తుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. రెండు కాలమ్‌ల ఏ4 పీడీఎఫ్‌ని ఫోనులో చదవడం నరకం, అందుకని వ్యాసాలను విడి వెబ్ పేజీలుగా పెట్టండి.

ప్రశ్న: సైట్లో బాగున్న స్టాంపు బొమ్మ అచ్చులో ఎందుకు మసకబారుతోంది?

జవాబు: 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలతో) స్కాన్ చేసి రెండింతలు పెద్దది చేస్తే కాగితం మీద మిగిలేది 150. రెండింతలు చూపించాలంటే 600లో స్కాన్ చేయాలి. సైటుకి చిన్న ప్రతి విడిగా చేసుకుని, అసలు స్కాన్‌ను దాచి ఉంచండి.