మోకరిస్తే మాట రావడం లేదు

ప్రశ్న: మాది తిరుపతి. పెళ్లయ్యాక యేసుప్రభువును నమ్ముకున్నాను. మా ఆయనకు కిడ్నీలు పోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. ‘దాచిపెట్టిన పాపం ఏదో ఉంది, ఒప్పుకో సిస్టర్’ అంటారు సంఘంలో. ‘కొండకు మొక్కు ఎగ్గొట్టావు, అందుకే’ అంటుంది మా అమ్మ. రాత్రుళ్లు నిద్ర లేదు. మోకరిస్తే నోట మాట రాదు, ఆదివారం పాటలు పాడుతుంటే నటిస్తున్నట్టుంది. ఈమధ్య ఒక కూడికలో ప్రసంగీకుడు విశ్వాసముంటే డయాలసిస్ మానేయమన్నాడు. మా ఆయన ఊగిసలాడుతున్నారు. నా విశ్వాసం పోయినట్టేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ ప్రసంగం సంగతి. డయాలసిస్ ఒక్కసారి కూడా తప్పనివ్వకండి. కిడ్నీలు పూర్తిగా చెడినవాళ్లు అది మానేస్తే ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుని కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. మందు వాడితే నమ్మకం లేనట్టని ఎవరైనా అంటే వేలూరు వైపు చూడమనండి. 1900లో అక్కడ ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టిన అయిడా స్కడర్ మిషనరీల ఇంటి బిడ్డ. మన చిత్తూరు, తిరుపతి జనం బస్సులెక్కి వెళ్లే సీఎంసీ ఆసుపత్రి అలా పుట్టిందే. ఈ మాట మీరు చెబితే ఇంట్లో వాదన అవుతుంది. మీ ఆయన గౌరవించే పాస్టరు గారి చేతో, డాక్టరు గారి చేతో చెప్పించండి.

ఇక సంఘం మాట, అమ్మ మాట. పైకి వేరుగా ఉన్నా రెండూ ఒకటే: కష్టమొచ్చిందంటే ఎవరో తప్పు చేసుండాలి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులూ యేసును అదే అడిగారు. ‘వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు’ అన్నాడాయన. యోహాను తొమ్మిదో అధ్యాయం, వాళ్ల చేతుల్లోని బైబిల్లోనే ఉంది. మీ అమ్మగారిది మాత్రం అల్లుడి మీద బెంగ. ‘నీ మొక్కు నువ్వు మొక్కుకో అమ్మా, నా ప్రార్థన నేను చేసుకుంటా, తప్పు నాదని మాత్రం అనొద్దు’ అనండి చాలు. ఇంత మెతకగా ఉండకూడదనే విశ్వాసులూ ఉంటారు. రోజూ అమ్మ మొహం చూడాల్సింది వాళ్లు కాదు కదా!

మాట రాకపోవడం గురించి. బైబిల్లో 13వ కీర్తన ‘యెహోవా, ఎంతవరకు నన్ను మరచిపోవుదువు?’ అని మొదలవుతుంది. 88వ కీర్తన ఇంకా ఘోరం. మొర పెడుతూ పెడుతూ చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర్లో స్తోత్రం కూడా ఉండదు. అయినా దాన్ని ఎవరూ కీర్తనల్లోంచి తీసేయలేదు. దేవుడి మీద కోపమొచ్చినా ఆయనతోనే కదా అంటున్నారు, నమ్మకం పోయినవాళ్లు ఎవరితో పోట్లాడతారు? మోకాళ్లూనాలని, పెద్ద మాటలు వెతకాలని లేదు. డయాలసిస్ గది బయట నాలుగేసి గంటలు కుర్చీలో కూర్చుంటారే, అక్కడే ‘ఇవాళ బీపీ పడిపోకుండా చూడు ప్రభువా’ అనండి. దానికీ ఓపిక లేని రోజు ఊరుకోండి. ఆదివారం పాట రాకపోతే వెనక వరసలో కూర్చుని వినండి, మీ వంతు పాట పక్కవాళ్లు పాడతారు.

బైబిల్లో కష్టాలన్నీ ఒక్కసారే మీదపడ్డ యోబు ఉన్నాడు కదా, అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది, నోరు విప్పి తప్పు నీదే అన్నాకే చెడింది. మీ సంఘంలో నోరు విప్పని అక్క ఒక్కరైనా ఉంటారు. ‘ప్రార్థన చేయండి’ అని ఊరుకోకుండా, ‘మంగళవారం మేం ఆసుపత్రి నుంచి వచ్చేసరికి కాస్త కూర చేసి పెట్టండి’ అని అడగండి. మొహమాటపడకండి.

నిద్రలేమి రెండు వారాలు దాటితే, దేనిమీదా మనసు పోకపోతే అది డిప్రెషన్ కావచ్చు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. డయాలసిస్ రోగులకు ప్రభుత్వమిచ్చే నెల పింఛను మీ ఆయనకు ఇంకా రాకపోతే, ఆసుపత్రి కాగితాలు, ఆధార్ తీసుకుని ఈ వారమే మీ సచివాలయంలో అడగండి.